క్యాసెట్‌లో నేను ఉంచిన దగ్గు

దాదాపు నలభై ఏళ్ళుగా నిమిషన్నర మాటల్ని మోస్తున్నాను. అవి నావి కావు, ఒక బిషప్‌గారివి. వినవలసిన మనిషికి వినపడకుండా చేసింది మాత్రం నేను. ఫాదర్ల దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్ళినప్పుడల్లా ‘అబద్ధమాడాను ఫాదర్’ అని ఒక్క ముక్క చెప్పి బయటపడేవాణ్ణి. ఏ అబద్ధమని వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు. ఇక్కడ నా పేరు లేదు కనుక మీకు మొత్తం చెప్పేస్తాను. ఇంతవరకూ రాసేసరికే కొంచెం తేలికగా ఉంది.

బిషప్‌గారు అమెరికన్. బొగ్గుగనుల్లో పనిచేసే వాళ్ళింట పుట్టారు. చర్చిలో పాత లాటిన్ పూజ పోయి ఇంగ్లీషులో కొత్త పూజ వచ్చినప్పుడు నేను మారనన్నారు. ఫాదర్‌గా తనకున్న గుడి పోయింది. కొన్నేళ్ళకు రోములోని పోపు అనుమతి లేకుండానే ఒక విదేశీ బిషప్ చేత తానూ బిషప్‌గా అభిషేకం చేయించుకున్నారు. పేపర్లు ఆయన్ని తిరుగుబాటుదారు అన్నాయి, మేము పునీతుడన్నాం. దగ్గరగా చూస్తే మోకాళ్ళ నొప్పులున్న మొండి ముసలాయన. సూట్‌కేసులో పూజసామాను పెట్టుకుని బస్సుల్లో రాష్ట్రాలు తిరిగేవారు. కొత్త పూజ జరిగే గుడిలో అడుగు పెట్టకూడదు, పెళ్ళికైనా, చావుకైనా. మాకు అదే ఆయన ఆజ్ఞ.

నేను డెబ్బైల చివర్లో ఇంజినీరుగా న్యూజెర్సీ వచ్చాను. కాపురం పార్సిప్పనీలో. ఆఫీసులో నేనేం మాట్లాడినా రెండోసారి చెప్పించుకునేవాళ్ళు. ఆదివారం మాత్రం, ముందురోజు బింగో ఆడిన బల్లలు పక్కకు జరిపి అద్దె హాల్లో పూజ పెడితే, లాటిన్ జవాబులు తడబడకుండా చెప్పేది నేనొక్కణ్ణే. గుంటూరు జిల్లాలో మా ఊరి గుడిలో చిన్నప్పుడే నోటికొచ్చేశాయి. తెల్లవాళ్ళు నా పెదవుల్ని చూసి తమ పెదవులు కదిపేవాళ్ళు. అప్పటి నా గర్వం తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది.

బిషప్‌గారు మా హాలుకి మూడు నెలలకొకసారి వచ్చేవారు. మిగతా రోజుల్లో ఆయన ప్రసంగాల క్యాసెట్లే మాకు దిక్కు. ఆయన ఎక్కడ మాట్లాడినా అసలు టేపు పోస్టులో నాకు వచ్చేది. కాపీలు తీసి అందరికీ పంచడం నా పని. రెండు డెక్కులు పెట్టుకుని, ఒకదాన్లో ప్లే చేస్తూ రెండోదాన్లో రికార్డ్ చేస్తూ, దగ్గులూ పసిపిల్లల ఏడుపులూ వచ్చినచోట పాజ్ నొక్కి తీసేసేవాణ్ణి. అతుకు తెలిసేది కాదు. అందరూ మెచ్చుకునేవారు. దగ్గు తీసేసే చేతికి మాట తీసేయడం ఎంత సులువో అప్పటికి నాకింకా తెలియదు.

ఆ హాలుకి వచ్చే ఇంకో తెలుగు మనిషి రోజక్క. నర్సు. భర్త పోయాడు, ఒక్కతే కూతురు స్టెల్లా. మాకు చుట్టరికం లేదు, ఒకే జిల్లా, అంతే. అయినా ఆదివారం భోజనం నాకు ఆమె ఇంట్లోనే. ఎనభైల మధ్యలో స్టెల్లాకి ఒక అమెరికన్ అబ్బాయితో పెళ్ళి కుదిరింది. పెళ్ళి కొత్త పూజ జరిగే గుడిలో. రోజక్క గుంటూరు నుంచి శిలువ గుర్తున్న తాళి తెప్పించి హ్యాండ్‌బ్యాగులో దాచుకుంది. వెళ్ళాలో వద్దో తేల్చుకోలేక బిషప్‌గారికి ఉత్తరం రాసింది.

పెళ్ళికి రెండు వారాల ముందు ఒహాయోలో చేసిన ప్రసంగం టేపు వచ్చింది. ఒక శనివారం మధ్యాహ్నం కాపీకి కూర్చున్నాను. మధ్యలో ఆయన ఆగారు. కాగితం విప్పిన చప్పుడు. “ఒక తల్లి నాకు రాసింది. కూతురి పెళ్ళికి వెళ్ళొద్దని దేవుడు చెప్పలేదు, నేను చెప్పాను. నాదే పొరపాటు. వెళ్ళమ్మా, వెళ్ళి దీవించు.” ఇంకా ఏదో అన్నారు. మొత్తం నిమిషన్నర.

వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను. భయమేసింది. ఇవాళ పెళ్ళికి వెళ్ళనిస్తే రేపు మామూలు పూజకీ అక్కడికే పోతారు, మా హాలు ఖాళీ అయిపోతుంది, ముసలాయన నీరసంలో ఏదో అన్నారు, ఆయన్ని ఆయన నుంచే కాపాడాలి అనుకున్నాను. నిజంగా ఆయన కోసమేనా? హాలు ఖాళీ అయితే నా లాటిన్ ఎవరు వింటారన్నదే కదూ నా బాధ? రెండు టేపులూ ఆ చోటికి వెనక్కి తిప్పి, రికార్డింగ్‌కి పాజ్ నొక్కాను. ఆయన మాటలు అయిపోయి ఎవరో దగ్గేదాకా వేలు తీయలేదు. అతుకు తెలియకుండా ఉండాలని ఆ ఒక్క దగ్గునూ ఉంచేశాను.

తర్వాతి వారం హాలు పార్కింగ్ లాట్‌లో రోజక్క నన్ను ఆపింది.

“తమ్ముడూ, క్యాసెట్ మొత్తం విన్నాను. నా లెటర్ గురించి ఏం లేదే. నువ్వు అసలుది విన్నావుగా, అందులో ఏమన్నా అన్నారా?”

“ఏమీ అనలేదక్కా.”

“సరేలే. అనలేదంటే వద్దన్నట్టేగా.”

పెళ్ళిరోజు నన్నే డ్రైవ్ చేయమంది. గుడికి ఎదురుగా, రోడ్డుకి ఇవతల కారు ఆపాను. ఆమె దిగలేదు. పట్టుచీర కట్టుకుని, ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు పెట్టుకుని, వాన పడుతున్న అద్దంలోంచి గంటసేపు చూసింది. అప్పుడైనా నేను నోరు తెరవాల్సింది. రోడ్డు దాటితే గుడి మెట్లే. నేను వైపర్లు వేస్తూ ఆపుతూ కూర్చున్నాను. స్టెల్లా గొడుగు కింద మెట్లు దిగి వెళ్ళిపోయింది. తాళి బ్యాగులోనే తిరిగొచ్చింది. ఆ తర్వాత తల్లీకూతుళ్ళకి చాలా ఏళ్ళు మాటల్లేవు.

బిషప్‌గారు ఆ చలికాలంలోనే పోయారు, తాను జవాబిచ్చాననే అనుకుంటూ. నేను కాపాడానన్న హాలు రెండేళ్ళలో దానంతటదే ఖాళీ అయింది. రోజక్క ఈమధ్యే పోయింది. చివరిదాకా నన్ను తమ్ముడూ అనే పిలిచింది. ఆ పిలుపు విన్నప్పుడల్లా నాకు ముద్ద దిగేది కాదు, అయినా తినేవాణ్ణి.

అసలు టేపుని మాత్రం పారేయలేకపోయాను. పోయిన వారం దాన్ని, జరిగింది జరిగినట్టు రాసిన ఉత్తరంతో కలిపి, క్యారీ అనే ఊళ్ళో ఉంటున్న స్టెల్లాకి పోస్ట్ చేశాను. క్షమించమని రాయలేదు. ఆమె దగ్గర ఆ మాట అడిగే ముఖం నాకు లేదు. జవాబు రాలేదు, రాకపోవచ్చు. తిడుతూ వచ్చినా కూర్చుని చదువుతాను. కానీ పోస్టాఫీసు నుంచి కారులో తిరిగొస్తుంటే ఎన్నో ఏళ్ళ తర్వాత నాకు తెలియకుండానే కూనిరాగం తీశాను. సిగ్గులేనివాణ్ణనుకోండి. హాయిగా ఉంది.

ఇక ఒక్కటే మిగిలింది, పార్కింగ్ లాట్‌లో అడిగిన ప్రశ్నకి సరైన జవాబు. వినడానికి ఆమె లేదు. మీరైనా వినండి.

అన్నారక్కా. వెళ్ళమన్నారు.