బేరానికి ముందు బొట్టు

నా చేత్తో పెట్టిన ఒక కుంకుమబొట్టు ఖరీదు యాభై దినార్లు. నవ్వకండి, విన్నాక ఎలాగూ నవ్వుతారు. అంత ఖరీదైన బొట్టు కువైట్ మొత్తంలో ఇంకెవరూ పెట్టి ఉండరు.

అప్పట్లో మా ఆయనకు డెలివరీ పని కుదిరింది. సొంత బండి ఉంటేనే చేర్చుకుంటామన్నారు. దేవుడి దయవల్ల ఖైతాన్‌లో శ్రీను అనే గోదావరి అబ్బాయి తన మోటార్‌సైకిల్ అమ్ముతున్నాడని తెలిసింది. మా దగ్గరున్నది మూడు వందల దినార్లు. అందులో యాభై మిగిలితేనే ఆయన్ని ఈ దేశంలో ఉండనిచ్చే కాగితం, ఇఖామా, దాని ఖర్చు గట్టెక్కేది.

శుక్రవారం పొద్దున వెళ్లాం. మీటర్లో రెండువేల కిలోమీటర్లు కూడా లేవు! మా నాయన ఇంట్లోనే కూర్చోబెట్టి నేర్పిన లెక్కలు నావి, ధీమాకేం తక్కువ?

“ఏమయ్యా, పెండ్లినాడు కట్టి పెట్టెలో దాచిన పట్టుచీర మాదిరుంది. మూడు వందలిచ్చినా తక్కువే!” అన్నాను మా ఆయనతో.

“పెట్టెలో ఉండే పట్టుచీర మడతల్లో చీలుతాది. తిరగని బండి ఎండలో నిలబడిండాది మే. బ్యాటరీ చచ్చింది, టైర్లు ఎండినాయి. రెండు నూర్ల యాభైకి మించి పైసా ఇయ్యను. నువ్వు గమ్మునుండు.”

గమ్మునే ఉన్నాను. కానీ ఆయన మూయమన్నది నోరు, చేతులు కాదు కదా!

మగవాళ్లిద్దరూ నీడలోకి పోయి బేరంలో పడ్డారు. చూస్తే అది జీడిపాకంలా సాగుతోంది. పదిన్నరకు రాహుకాలం. దేవుడు చూపించిన బండిని రాహువు నోట్లో పెట్టడమా? గబగబా కుంకుమ భరిణె తీసి, హెడ్‌లైటు మీద రూపాయి బిళ్లంత బొట్టు పెట్టి, “తండ్రీ, మా బండిని చల్లగా చూడు” అని పైకే మొక్కాను. బేరం లేదు, బండి లేదు, బొట్టు మాత్రం నిగనిగ!

అప్పుడే శ్రీను రెండు యాభైకి దిగబోతున్నాడట. ఇటు తిరిగాడు. ముఖం విప్పారింది.

“ఆయ్! అక్కగారు బొట్టెట్టేశారు కదండీ! బండి మీదైపోయాక ఇంకా బేరవేంటండి బావగారూ? మూడొందలు, ఖలాస్!”

మా ఆయన చూపు ముందు కువైట్ ఎండ చల్లబడింది. “తుడిచెయ్ మే దాన్ని!”

“పెట్టిన బొట్టు తుడిచేదా? కండ్లు పోతాయి!”

“ఇఖామా పోతాది!”

“తుడవకండక్కా, నాకూ అరిష్టవండి,” అంటూ శ్రీను చెంపలేసుకున్నాడు.

మూడు వందలూ ఇచ్చాం. రాహుకాలం ఇంకా రాలేదు. నేను అదే ధీమాతో ముందు టైరు కింద నిమ్మకాయ పెట్టి, “తొయ్యండి” అన్నాను. ముగ్గురం తోశాం. టప్పుమంది. వంగి చూస్తే నిమ్మకాయ చెక్కుచెదరలేదు. టైరు చీలింది.

నేను వంట చేసే ఇంటి యజమానురాలు, ఇక్కడి వాడుకలో మేం ‘మామా’ అని పిలిచే ఆవిడ, జీతం ముందే ఇచ్చి ఇఖామా గట్టెక్కించింది. ఆ తల్లి చల్లగా ఉండాలి.

ఇప్పుడు సకల దేవతల సాక్షిగా నా ప్రతిజ్ఞ: రాహుకేతువులిద్దరూ కలిసి తరిమినా సరే, బేరం తెగకముందు వస్తువుకు బొట్టు పెట్టను. అంతగా చెయ్యి ఆగకపోతే, అమ్మేవాడి నుదుటన పెడతాను.