రంగుల మామ చేతిలో గ్లాసు

ఆ రోజుల్లో నా గొంతు ఎలా ఉంటుందో మా ఇంట్లోవాళ్ళకే సరిగా తెలియదు. చెప్పదలచుకున్నవన్నీ డైరీకి చెప్పుకుని, మనుషుల దగ్గర తలూపుతూ నెట్టుకొచ్చేదాన్ని. మదనపల్లెలో ఎమ్మెస్సీ చదువుతుండగా మా అవ్వ ఇంటి బావి నీళ్ళు గులాబీ రంగుకు తిరిగాయి. గోడ పక్కనే పట్టుదారానికి రంగులద్దే షెడ్డు, దాని మురుగు కాలువ బావి వైపే పారేది. దాని యజమానిని రంగుల మామ అనేవాళ్ళం. అవ్వ బావి మీద రేకు కప్పేసి, ఆ వయసులో వీధి కొళాయి దగ్గర బిందెతో నిలబడేది.

నా ప్రాజెక్టేమో శెనక్కాయ పొట్టుతో యాక్టివేటెడ్ కార్బన్ చేయడం. పుంగనూరు మిల్లు నుంచి పొట్టు మూటను బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. ("ఆవుకా పాపా?" అని కండక్టరు అడిగితే తలూపాను.) ఆ పొట్టును గాలి చొరబడని డబ్బాలో బొగ్గుచేసి, కాలేజీ కొలిమిలో మళ్ళీ కాల్చి, నల్లనీళ్ళు పోయేదాకా కడిగాను. అందులోని కంటికి కనిపించని రంధ్రాలు రంగును పట్టేసుకుంటాయి. ఒక ఆదివారం అవ్వ వాకిట్లో, అడుగున చిల్లి పెట్టిన కుండలో ఆ బొగ్గు నింపి బావి నీళ్ళు పోశాను. కింద తేటనీళ్ళు కారాయి.

వచ్చిన మనిషికి ముందుగా నీళ్ళివ్వడం అవ్వ అలవాటు. ఇరుగుపొరుగుతో పాటు చూడవచ్చిన రంగుల మామకే మొదటి గ్లాసు అందించింది.

"తాగప్పా, నా మనవరాలు చేసిండేది."

మామ గ్లాసును ఎండకెత్తి చూశాడు. "ఇంకేందత్తా! పాప ఉండాది, బొగ్గు ఉండాది. ఇంక నా కాలవ గురించి కొట్లాటకు రావాకు" అంటూ గ్లాసు నోటి దగ్గరికి తీసుకుపోయాడు.

"తాగొద్దు!"

ఎవరు అరిచారా అని అందరూ వెనక్కి తిరిగారు. (అది నా గొంతేనని నమ్మలేక నేనూ తిరిగాను.)

"రంగు మాత్రమే పోయింది మామా. రంగులో కలిపే మందులు పోయినాయో లేదో ఇంకా పరీక్ష చేయలేదు."

"మరి యాలమ్మా ఇంత మసి పూసుకుంటివి?" అని మామ గ్లాసు దించేసి నవ్వాడు.

అవ్వ నవ్వలేదు. "గ్లాసుడు తాగేకే బయం కదప్పా. అవే నీళ్ళు నా బాయిలోకి యాల ఇడస్తాండావు?"

మామ గ్లాసును బావి గట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ నెలలోనే కాలువ మళ్ళింది.

ఇప్పుడు నేను కుప్పంలో నీళ్ళు పరీక్షించే ఉద్యోగంలో ఉన్నాను. వానలకు బావిలో రంగు పోయింది కానీ, సీసాలో తెచ్చి పరీక్షించిన ప్రతిసారీ ఏదో ఒకటి మిగిలే ఉంటుంది. ఊరికెళ్ళగానే అవ్వ అడుగుతుంది, "తాగచ్చునా?"

"ఇంకా వద్దవ్వా."

"ఏమోమ్మా, ఇనపళ్ళేదు. ఆ పొద్దు మాదిరి అరిస్తే నమ్ముతా."

ఎంత ప్రయత్నించినా ఆ గొంతు మళ్ళీ రాదు. బావి మీది రేకును మళ్ళీ సర్ది, అవ్వ చేతిలోని బిందె అందుకుని నేనే కొళాయి దగ్గరికి వెళ్తాను.