నాయన చీనా కుడుము మింగిన రోజు

కూడు అమ్ముకోవడం తప్పని మా నాయనకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. ఆయనకూ తెలియదు. శనక్కాయలు అమ్మాడు, జొన్నలు అమ్మాడు, పత్తి అమ్మాడు. అమ్మి వచ్చిన రోజు తలగుడ్డ కొంచెం బిగించి కట్టి, వీధిలో నెమ్మదిగా నడిచేవాడు. అవే జొన్నలను తిరగలిలో విసిరి, రొట్టె కాల్చి, ఆకలిగొన్నవాడి చేతిలో పెట్టి దుడ్లు తీసుకుంటే మాత్రం ఇంటి పరువు పోతుంది. గింజ పచ్చిగా ఉన్నంతవరకు గౌరవం, దానికి నిప్పు తగిలితే అవమానం. ఇది మా నాయన ఒక్కడి వెర్రి కాదు. ఆళ్లగడ్డ చుట్టూ సేద్యం చేసే పాత కుటుంబాలన్నిటిదీ ఇదే మాట. ఏ శాస్త్రంలో ఉందని అడిగితే ఎవరూ చెప్పలేరు. శాస్త్రంలో ఉన్నవాటితో కొట్లాడటం సులువు, ఫలానా పుటలో తప్పుందని వేలు పెట్టి చూపించవచ్చు. ఎక్కడా లేనివాటితోనే చచ్చే చావు.

ఈ పరువు మా అక్క దారికి అడ్డం పడింది.

మా నాయనకు ఆళ్లగడ్డలో కర్నూలు, కడప బస్సులు ఆగే చోట ఒక గది ఉండేది. శనక్కాయ మూటలు వేసుకోవడానికి తప్ప దేనికీ వాడేవాడు కాదు. బస్సు దిగినవాళ్లు ఆ గది నీడలో నిలబడి నీళ్లు తాగి, తినడానికేమైనా దొరుకుతుందా అని అటూ ఇటూ చూసి, మళ్లీ బస్సెక్కి పోయేవారు. మా అక్క కాపురం కూడా ఆ ఊళ్లోనే గనుక ఈ తమాషా రోజూ చూసేది. ఆమె వండితే పక్కవీధివాళ్లు కూడా గిన్నెలు పట్టుకుని వచ్చేవాళ్లు. ఆ గదిలో టిఫిన్ హోటలు పెడతానంది. వానలు మొహం చాటేసి బావ సేద్యం చతికిలబడింది. ఇంట్లో ఇద్దరు పిల్లలు. బావ మంచివాడు, దేనికీ కాదనడు. "మీ నాయన గది, మీ నాయన్నే అడుగు" అన్నాడు.

అడిగింది. నాయన ఒక్క మాటలో తేల్చేశాడు.

"మనింట్ల కూడు అమ్మేదా? నేను పోయినంక అమ్ముకో."

అప్పటికి నేను వాద సభల్లో బాగా నలిగినవాణ్ణి. దేవుడున్నాడా లేడా, కులం ఎందుకు, విధవలకు పెళ్లి చేయాలా వద్దా అని ఊరూరా గొంతు చించుకుని, ఎదుటివాడు నీళ్లు తాగేదాకా వదలని రోజులు. ఇంట్లోనూ అదే ధోరణిలో మొదలుపెట్టాను. "నాయనా, పచ్చి గింజకు, ఉడికిన గింజకు మధ్య పరువు ఎక్కడ పుడుతుందో చెప్పు. కుండలోనా? పొయ్యిలోనా?" అని నిలదీశాను. నాయన బీడీ ముట్టించుకుని, "నీ ఉపన్యాసం సభలో చెప్పుకోపో. ఈడ ఎద్దులకు మేత ల్యాదు" అన్నాడు. సభలో ఎదుటివాడు జవాబు చెప్పకపోతే నేను గెలిచినట్టు. ఇంట్లో ఎదుటివాడు జవాబు చెప్పకపోతే ఆయనే గెలిచినట్టు.

ఇదంతా ఆంధ్రరాష్ట్రం కొత్తగా ఏర్పడి, కర్నూలు రాజధానిగా ఉన్నప్పటి సంగతి. ఆ కాలంలోనే నంద్యాల రైలు స్టేషనుకు దగ్గరగా ఒక హోటలు వెలిసింది. దాని యజమాని విశాఖ వైపు మనిషి. చిన్నతనంలోనే రంగూను పోయి, అక్కడ ఒక చీనావాడి వంటశాలలో చేరి పనంతా నేర్చాడట. యుద్ధం వచ్చినప్పుడు అడవుల వెంట నడిచి ప్రాణాలతో బయటపడ్డాడు. రైల్వేలో పనిచేసే బావమరిది నంద్యాలలో ఉంటే ఇక్కడికి చేరాడు. ఇడ్లీ, దోసె అందరూ వేస్తారని చీనా పలహారాలు మొదలుపెట్టాడు. జనం వాటికి చీనా కుడుములని పేరు పెట్టారు. కర్నూలు నుంచి ఆఫీసర్లు, ప్లీడర్లు పని కల్పించుకుని మరీ వచ్చి తిని పోయేవారు. మద్రాసు పత్రికలో ఎవరో మెచ్చుకుంటూ రాస్తే, ఆ ముక్కను అద్దం కట్టించి గోడకు తగిలించాడు. తినడానికి వచ్చినవాణ్ణి ముందు దాని దగ్గరికి తీసుకుపోయి చదివించేవాడు. చదువు రానివాడికి తనే చదివి వినిపించేవాడు.

నాయనను ఆ హోటలుకు తీసుకుపోవాలన్న ఆలోచన అక్కది. "నీ మాటలతో కాదులేరా, ఆయన్ను ఒకసారి కూచోబెట్టి తినిపిచ్చల్ల" అంది. కష్టమంతా కూచోబెట్టడంలోనే ఉంది. నాయన జన్మలో హోటలు గడప తొక్కలేదు. నంద్యాల పోతే ఇంటి నుంచి జొన్నరొట్టె, శనక్కాయల ఊరిబిండి పచ్చడి గుడ్డలో కట్టించుకుని పోయి, ఏ బండి నీడలోనో కూచుని తినేవాడు.

చలికాలంలో ఒకరోజు బండి చక్రాలకు ఇనుప పట్టాలు బేరం చేయడానికి నాయన నంద్యాల బయలుదేరాడు. గిన్నెలు కొనాలని అక్క, ఊరికే నేను, వెంటపడ్డాం. పట్టాల బేరం ముగిసేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది.

"సద్దిమూట యాడ పెట్నావు పాపా?" అన్నాడు నాయన.

"అయ్యో నాయనా, మర్చిపోయినా!"

మా అక్క పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఏదీ మర్చిపోయిన మనిషి కాదు. నాయన ఆమె మొహం చూశాడు, నా మొహం చూశాడు. నేను రైలు కట్ట వైపు చూస్తూ నిలబడ్డాను.

"ఇద్దరూ కల్సే మర్చిపోయినారా?" అన్నాడు. ఆకలి తర్కానికి లొంగదు గాని వాసనకు లొంగుతుంది. వీధి మలుపు తిరిగేసరికి అల్లం, వెల్లుల్లి, కైమా కలిసిన ఆవిరి ఎదురొచ్చింది. నాయన మా వెంట నడిచాడు.

హోటల్లో ఆడవాళ్ల కోసం వెనక ఒక తెర గది ఉండేది. అక్కడికి పొమ్మన్నాడు వడ్డించే మనిషి. ఆడవాళ్లు నోటితో తింటారా, ఘోషాతో తింటారా అని నేను అందుకోబోతుంటే అక్క నన్ను మోచేత్తో పొడిచి, "ఆడ గాలి ల్యాదప్పా, ఈడ్నే కూచుంటాం" అని హాల్లో బల్ల ముందు కూచుంది. సంగతి అంతటితో సరి. మా బల్లకు అటువైపు మిషన్ బడిలో పనిచేసే ఒక క్రైస్తవ ఉపాధ్యాయుడు, ఆయన పక్కన ఒక ముస్లిం బట్టల వ్యాపారి ఉన్నారు. సహపంక్తి భోజనాలు పెట్టించాలని మేము ఎన్ని తీర్మానాలు చేశామో! చప్పట్లు కొట్టినవాళ్లంతా ఇళ్లకు పోయి తలుపులు మూసుకుని తినేవాళ్లు. ఇక్కడ తీర్మానం లేదు, అధ్యక్షుడు లేడు, ఆకలేసినవాళ్లు పక్కపక్కన కూచుని తింటున్నారు. నాయన సైతం ఉపాధ్యాయుణ్ణి "ఏ ఊరప్పా మీది?" అని అడిగి, దొర్నిపాడు అనగానే అక్కడి మిరప తోటల ముచ్చట్లలో పడ్డాడు.

వెదురు బుట్టలు వచ్చాయి. అరచెయ్యంత బుట్టలు, ఒకదాని మీద ఒకటి, అడుగున అరటాకు ముక్క, లోపల మూడో నాలుగో కుడుములు.

"ఏందప్పా ఇది, కోడిపిల్లలకు పెట్టినట్ల?" అన్నాడు నాయన. ఆ వెంటనే చిన్న గిన్నెల్లో పాలు లేని టీ వచ్చింది. దాన్ని వాసన చూసి, "ఎవురికి జ్వరమొచ్చిందని కషాయం తెచ్చినాడు?" అన్నాడు. ఉపాధ్యాయుడికి పొలమారింది.

మొదటిది తెల్లగా, పొంగిన బన్నులా ఉండి లోపల కైమా ఉన్నది. చేత్తో తుంచితే ఆవిరి లేచింది. నాయన దాన్ని తిని, బుట్టలో మిగిలినదాన్ని నా చేతికి అందకుండా తన వైపు జరుపుకున్నాడు. తర్వాత ముల్లంగి తురిమి బియ్యప్పిండిలో ఉడికించి పెనం మీద కాల్చిన బిళ్లలు వచ్చాయి. అక్క ఒకటి తుంచి, రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, అప్పుడు నోట్లో వేసుకుంది. నాకైతే బియ్యప్పిండి పల్చటి పొరలో చుట్టిన కోడికూర ముక్కలు నచ్చాయి. నాలుక మీద పెట్టగానే జారిపోయే పొర అది. దేవుడి గురించి ఒక్క మాట అనకుండా అంతసేపు కూచోవడం నా జీవితంలో అదే మొదలు.

ఆఖరుకు ఆ హోటలుకు పేరు తెచ్చిన పలహారం వచ్చింది. పైన కుచ్చిళ్లు పోసి ముడి వేసినట్టుండే కుడుము. కదిపితే లోపల పులుసు అల్లాడుతుంది. చలికాలంలో తప్ప చేసేవాడు కాదు.

మావైపు సంగటిని నమలరు. ముద్ద తుంచి, పులుసులో ముంచి, అట్లే మింగుతారు. సంగటి నమిలేవాణ్ణి పంటి నొప్పా అని అడుగుతారు. నాయన ఆ కుడుమును మెత్తగా, గుండ్రంగా, సంగటి ముద్దలా చూశాడు. పక్కనున్న కారపు నీళ్లలో ముంచాడు. తల వెనక్కి వాల్చి గుటుక్కున మింగాడు.

అది గొంతులో పగిలింది.

నాయన లేచి నిలబడ్డాడు. కళ్లలో నీళ్లు, నోట మాట లేదు, చేయి గాల్లో. తింటున్నవాళ్లంతా అటు తిరిగారు. అక్క చెంబెడు నీళ్లు తాగించింది. నేను చూస్తున్నది నాయనను కాదు, అక్కను. ఆమె మొహం పాలిపోయింది. ఇంక హోటలన్న మాట ఈ జన్మలో ఆయన ముందు ఎత్తలేమని మా ఇద్దరికీ తెలిసిపోయింది.

యజమాని పరిగెత్తుకొచ్చాడు. "నమలాల బాబూ! నమలకుండా మింగీసినారేటి? కొంచెం కొరికి, రసం పీల్చి, అప్పుడు తినాల!"

నాయనకు గొంతు తిరిగొచ్చింది. "నమిలేదని ముందే చెప్పల్ల కదప్పా! పేపరు ముక్క గోడకు తగిలిచ్చినావు, ఈ మాట తగిలిచ్చకూడదా?"

ముందు బట్టల వ్యాపారి నవ్వాడు, తర్వాత హాలంతా నవ్వింది. నాయన నవ్వలేదు. కూచున్నాడు. ఇంకొకటి చేతిలోకి తీసుకున్నాడు. పొగరుబోతు కోడెను కాడికి కట్టేటప్పుడు చూసినట్టు చూశాడు. అంచు కొరికి, చప్పుడు చేస్తూ పులుసు పీల్చి, మిగిలింది నమిలాడు. చాలాసేపు నమిలాడు.

"యాడా బొక్క ల్యాదే. ఈ పులుసు లోపలికి ఎట్ల పోయింది?" అన్నాడు.

యజమాని ఛాతీ పొంగింది. "అది రంగూను రహస్యం బాబూ. పెద్ద పెద్ద ప్లీడర్లే సెప్పలేకపోయినారు. ఒకాయనైతే సూదితో ఎక్కించానన్నాడు!"

"మేక కాళ్ల పాయ రసమే కదా. రాత్రి గడ్డకట్టిచ్చి, ముక్కలు కోసి లోపల పెట్నావు. ఆవిరి తగిలితే కరిగింది" అంది అక్క, వేళ్లు తుడుచుకుంటూ.

యజమాని నోరు తెరుచుకుపోయింది. "ఎవులు సెప్పినారమ్మా నీకు?"

"ఎవురు చెప్పల్ల? చలికాలం తెల్లారి పాయ కుండ మూత తీస్తే ముద్ద కట్టుంటాది. అయినా నువ్వు మిరియాలు తక్కువేసినావు. ముల్లంగి బిళ్లల్లో నీళ్లు పిండకుండానే పిండి కలిపినావు, నడుమ జిగటగా ఉంది."

ఆయన ఒక బిళ్ల తుంచి నోట్లో వేసుకున్నాడు. నెమ్మదిగా తల ఊపాడు. తరువాత, తమాషాకు కాదు, నిజంగానే అన్నాడు: "తల్లీ, నా వంటింట్లో పనికి వచ్చీ. జీతం నువ్వే సెప్పు."

నాయన చెయ్యి బల్ల మీద పడింది. బుట్టలు ఎగిరాయి.

"ఎవురనుకున్నావప్పా? మా బిడ్డ ఇంకొకరి పొయ్యికాడ పనిచేసేదా? చేస్తే సొంతంగా చేస్తాది!"

ఎన్నో సభల్లో మాట్లాడాను, ఎదుటివాడు తనంతట తాను ఇట్లా వచ్చి చిక్కడం ఎప్పుడూ చూడలేదు. నేను నోరు తెరవబోయాను. అక్క బల్ల కింద నా కాలు తొక్కింది. ఆ తొక్కుడులో వాదానికి సంబంధించిన పాఠం ఏదో ఉంది. నాకు వంటబట్టలేదుగాని ఉంది.

"యాడ చేస్తాది నాయనా?" అని మెల్లగా అడిగింది.

నాయన చల్లారిన కషాయం గిన్నె ఎత్తి, ఒక గుక్కలో తాగి లేచాడు.

బస్సులో నాయన కిటికీ వైపు కూచుని తలగుడ్డ విప్పాడు, చుట్టాడు, మళ్లీ విప్పాడు. అక్క కొత్త గిన్నెలు ఒళ్లో పెట్టుకుని ఎదురు సీటు వెనక భాగాన్ని చూస్తూ కూచుంది. గది ఇస్తాడని నాకు నమ్మకం లేదు. హోటల్లో అన్న మాట ఊరు దగ్గర పడేకొద్దీ పల్చబడిపోతుంది. అదే మాట నలుగురు సేద్యగాళ్ల ఎదుట నిలబడి అనాలి గదా.

ఆళ్లగడ్డలో బస్సు దిగేసరికి ఇంకా ఎండ ఉంది. రచ్చబండ మీది పెద్దమనిషి ఎవరో, "ఏమన్నా, అందరూ కల్సి యాడికి పోయొస్తాండారు?" అని పలకరించాడు. నాయన నిలబడ్డాడు. అక్క గిన్నెలు చంక మార్చుకుంది.

"నంద్యాలకు. పాప హోటలు పెడతాంటే, ఆడ ఎట్ల పెట్టినారో చూసొచ్చినాం" అన్నాడు నాయన.

ఆ పెద్దమనిషి ఇంకేదో అడగబోయాడు. నాయన వినిపించుకోకుండా గది దగ్గరికి నడిచి, మొలతాడుకున్న తాళంచెవి తీసి తలుపు తెరిచాడు. శనక్కాయల దుమ్ము గుప్పున వచ్చింది. లోపల అటు గోడ దాకా నడిచి, ఇటు గోడ దాకా వచ్చి, పైకప్పు చూశాడు.

"పొయ్యి ఈ మూలకు పెట్టు" అన్నాడు.

"ఆ మూలకు పెడితే పొగంతా తినేటోళ్ల మొహాన కొడ్తాది నాయనా. కిటికీ కాడికి పెడతా."

"కిటికీ కాడ గాలికి మంట నిలబడదు. నీకేం తెల్సు?"

"వండేది నేనా, నువ్వా?"

వాళ్లిద్దరూ అట్లా పొయ్యి కోసం కొట్లాడుతుండగా నేను మొదటి మూట భుజానికెత్తుకుని బయటికి నడిచాను.