తాతయ్య లాగిన తాడు

నా చిన్నప్పుడు అనకాపల్లిలో మా ఇంటి అరుగు మీద రెండు వస్తువులు ఊరికే దొరికేవి. ఒకటి మా మామ్మ పోసే మజ్జిగ, రెండోది మా తాతయ్య ఇచ్చే సలహా. మజ్జిగ మధ్యాహ్నానికల్లా అయిపోయేది. సలహా మాత్రం దీపాలు పెట్టేవేళ దాకా ఉండేది.

తాతయ్య తన వయసంతా బెల్లం మార్కెట్లో పనిచేసి మానేసిన మనిషి. బెల్లం దిమ్మను గోటితో గీరి నాలిక మీద వేసుకుని, అది ఏ నేలలో పండిన చెరకో, వానాకాలం దాకా నిలవుంటుందో ఉండదో చెప్పేసేవాడు. ఆ మాట ఎప్పుడూ తప్పేది కాదు. దాంతో బెల్లం సంగతే కాదు, లోకంలోని వ్యాపారాలన్నీ ఆయనకు తెలుసని జనం అనుకునేవారు. గాజుల కొట్టు సాయిబు వచ్చేవాడు, గానుగాయన వచ్చేవాడు, స్టేషన్ దగ్గర టీ దుకాణం పెడదామనుకునే కుర్రాళ్లు వచ్చేవారు. కొన్నాళ్లకు తాతయ్య కూడా తనకు అన్నీ తెలుసనే అనుకోవడం మొదలుపెట్టాడు. ఆయనకు దురాశేం లేదు. ఎవరైనా ఎదురుగా కూర్చుని ఏం చెయ్యమంటారని అడిగితే చాలు, ఆయన ముఖం వెలిగిపోయేది.

యుద్ధం ఇంకా ముగియని రోజులవి. మా ఎదురింటి పెరట్లోని పాకలోకి ఎస్. రాయవరం వైపు నుంచి ఒక కొత్త జంట అద్దెకు వచ్చింది. లక్కబొమ్మలు చేయడం వాళ్ల పని. నేను ఆమెను అక్క అనీ, అతన్ని బావ అనీ పిలిచేదాన్ని. పాకలో నేలకు బిగించిన, కర్ర చెక్కే తరిమెన ఉండేది. దాని ఇరుసుకు తాడు చుట్టి అక్క రెండు చేతులతో అటూ ఇటూ లాగుతుంటే కర్రముక్క గిర్రున తిరిగేది. బావ దానికి ఉలి ఆనించి చెక్కేవాడు. తర్వాత రంగు లక్క ఆనిస్తే ఆ వేడికి లక్క కరిగి కర్రను పట్టుకునేది. చివర్లో మొగలాకుతో రుద్దేసరికి బొంగరమో, కుంకుమ భరిణో తళతళలాడుతూ బయటికి వచ్చేది. బడి వదలగానే పిల్లలమంతా ఆ పాక ముందే చేరేవాళ్లం. లక్క వాసన నాకు ఇప్పటికీ పండగ వాసనలా ఉంటుంది.

అప్పటికి అక్క కడుపుతో ఉంది. కొత్త అమావాస్యకు అమ్మవారి జాతర రాబోతోంది. పట్నంలో వాళ్లకు అదే మొదటి జాతర. ఏం చేసి అమ్మాలో తేల్చుకోలేక బావ మా అరుగెక్కాడు. తాతయ్య చాలాసేపు ఆలోచించాడు. యుద్ధం వల్ల ఓడల్లో సీమ రేకుబొమ్మలు రావడం లేదు కాబట్టి ఈసారి పిల్లలున్న ఇళ్లన్నీ కర్రబొమ్మలే కొంటాయన్నాడు. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత బొంగరాల దగ్గరకొచ్చాడు. చిన్నవి చేస్తే ఆ జనంలో ఎవరి కంటికీ ఆనవనీ, మారేడుకాయంత బొంగరాలు చేస్తే వీధి చివరి నుంచే కనబడతాయనీ చెప్పాడు. కర్ర కోసం తన చిన్ననాటి స్నేహితుడి అడితికి పంపించాడు. అంత పెద్దవి బావ ఎప్పుడూ చెయ్యలేదు, అయినా పెద్దాయన మాట మీద చేతిలో ఉన్నదంతా పెట్టి కర్ర కొన్నాడు. మర్నాడు అడితి ఆయన మా ఇంటికి ఒక అరటి గెల పంపాడు. పిల్లలమంతా పోటీలు పడి తినేశాం. అదెందుకు వచ్చిందని ఎవరమూ అడగలేదు.

ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో పెద్ద బొంగరాలు పాక నిండా పేరుకున్నాయి. తాతయ్య రోజూ వెళ్లి, తన పొలంలో పంట చూసుకున్నట్టు చూసుకుని వచ్చేవాడు. జాతర దగ్గర పడ్డాక ఒక సాయంత్రం నన్ను పాక ముందుకు పిలిచి, అన్నింటికన్నా అందంగా ఉన్న బొంగరాన్ని నా చేతిలో పెట్టాడు. మా వీధిలో బొంగరం వెయ్యడంలో నన్ను మించినవాళ్లు లేరు. ఆడపిల్లవి నీకెందుకే అని మామ్మ ఎంత తిట్టినా నేను మానలేదు. అందుకే తొలి బొంగరం నాకిచ్చాడు.

తాడు చుట్టాను. బొంగరం నా గుప్పిట్లో పట్టలేదు. రెండు చేతులతో ఎత్తి విసిరాను. అది గుమ్మడికాయలా దొర్లుకుంటూ పోయి మామ్మ కోడిని తరిమింది. మళ్లీ వేశాను, మళ్లీ దొర్లింది. తాతయ్య పెద్ద కుర్రాళ్లను పిలిచాడు. వాళ్లవీ దొర్లాయి. వీధి వీధంతా పడీపడీ నవ్వింది. నేను కూడా నవ్వుతూనే అడిగాను.

"తాతయ్యా, ఇది సూడ్డానికా, ఆడుకోడానికా?"

తాతయ్య నవ్వబోయి ఆగిపోయాడు. ఆయన చూపు వెంట నేనూ చూశాను. అక్క పొట్ట మీద చెయ్యి పెట్టుకుని ఆ రంగుల గుట్ట పక్కనే కూలబడింది. బావ ముఖంలో నెత్తురు లేదు. అంత బాధలోనూ పెద్దాయన మీద గౌరవంతో, ఇది మా రాత తాతగోరూ, మీరేం సేత్తారు అన్నాడు. ఆ మాట పట్టుకుని తాతయ్య ఇంటికొచ్చేసి ఉంటే ఎవరూ ఆయన్ను వేలెత్తి చూపేవారు కాదు. ఇచ్చింది ఉచిత సలహా. వినమని బలవంతం చేసింది లేదు.

ఆ పూట ఆయన అన్నం ముందు కూర్చుని చేత్తో కెలికి లేచిపోయాడు. ఆ అరటి గెల ఏమైందని మామ్మను అడిగాడు. ఏమవుతుంది, తినేశాం కదా అంది మామ్మ. అయితే సంతలో అలాంటిదే ఇంకొకటి కొని అడితికి తిప్పి పంపమన్నాడు. తిన్న పళ్లను ఎవరైనా తిప్పి ఇస్తారా, మీకు మతి గాని పోయిందా అని మామ్మ విస్తుపోయింది.

"ఆడి కర్ర అమ్ముడైపోయింది. నాకు పళ్లొచ్చేయి. నా మాట ఇన్న ఆ పిల్లడికి ఏటొచ్చింది?" అన్నాడు తాతయ్య.

మామ్మ మర్నాడే గెల కొని పంపింది.

ఆ పొద్దున్నే తాతయ్య పంచె ఎగ్గట్టి ఎదురింటి పాకలోకి నడిచాడు. నేనూ వెనకాలే వెళ్లాను. పెద్ద బొంగరాన్ని మళ్లీ చెక్కి చిన్నది చెయ్యొచ్చా అని బావను అడిగాడు. చెయ్యొచ్చు కానీ జాతరలోగా అన్నీ తేలాలంటే పొద్దస్తమానం తాడు లాగే మనిషి కావాలనీ, అక్క ఇప్పుడు అంతసేపు లాగలేదనీ బావ చెప్పాడు.

"సెప్పినోణ్ణి నేను. తాడు నేనే లాగుతాను," అంటూ తాతయ్య నేల మీద చతికిలబడ్డాడు.

బావ కంగారుపడి చేతులు పట్టుకున్నా వినలేదు. తాడు రెండు కొసలూ అందుకుని బలమంతా పెట్టి లాగాడు. తాడు జారిపోయింది, తాతయ్య వెల్లకిలా పడ్డాడు. అక్క నవ్వు ఆపుకోలేకపోయింది. నిన్నటి నుంచి ఆమె నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు చూశాక తాతయ్యకు ఎక్కడలేని హుషారూ వచ్చింది. ఎలా లాగాలో నేర్పమని ఆమెనే అడిగాడు.

"నూతిలో సేద లాగినట్టు కాదు తాతగోరూ. మజ్జిగ సిలికినట్టు లాగండి," అంది అక్క.

గుమ్మంలో నిలబడ్డ మామ్మ, ఆయన జన్మలో ఎప్పుడైనా మజ్జిగ చిలికితే కదా తెలిసేది అంది. తర్వాత తనే వచ్చి పక్కన కూర్చుని, చేతులు ఎలా ఆడించాలో గాలిలో చిలికి చూపించింది. సాయంత్రానికల్లా తరిమెన సాఫీగా తిరగసాగింది.

ఇక ఆ పాక మా వీధికి జాతర కంటే ముందే జాతర అయిపోయింది. బెల్లం మార్కెట్లోని పాత స్నేహితులు చూడ్డానికి వచ్చేవారు. ఈ వయసులో కొత్త ఉద్యోగమేట్రా నీకు అని ఒకాయన ఎకసెక్కమాడితే, తాతయ్య తాడు ఆయన చేతిలో పెట్టి మంచినీళ్లు తాగడానికి వెళ్లాడు. ఆ తర్వాత వచ్చినవాళ్లందరికీ అదే మర్యాద. మామ్మ తాతయ్య అరచేతుల బొబ్బలకు వెన్న రాస్తూ గొణుక్కునేది. మాకు అన్నింటికన్నా గొప్ప పని దొరికింది. తయారైన ప్రతి బొంగరాన్నీ మేమే వేసి చూడాలి. ఏది ఊగినా, ఏది వాలినా మళ్లీ తరిమెన మీదికే. పిల్లల చేతిలో తిరిగిందే జాతరకు వెళ్తుందని తాతయ్య ఖరారు చేశాడు. కర్ర పొట్టు జుట్టు నిండా వేసుకుని, మేమేదో పెద్ద అధికారుల్లాగా ఇది బాగుంది, అది బాగాలేదు అని తీర్పులు చెప్పేవాళ్లం.

ఒకరోజు గాజుల కొట్టు సాయిబు అక్కడికే వెతుక్కుంటూ వచ్చాడు. చోడవరంలో ఇంకో కొట్టు తెరవాలనుకుంటున్నానని, పెద్దలు ఏమంటారని అడిగాడు. తాతయ్య తాడు లాగడం ఆపాడు.

"సాయిబుగోరూ, బెల్లం సంగతి అడగండి, సెప్తాను. గాజుల సంగతి నాకు తెలీదు. తెలీదని ఇన్నాళ్లూ తెలీలేదు."

సాయిబు పకపకా నవ్వి, ఇన్నేళ్లలో మీరు నాకిచ్చిన మంచి సలహా ఇదేనన్నాడు. కోటు విప్పి కొక్కేనికి తగిలించి, తనూ కాసేపు తాడు లాగి మరీ వెళ్లాడు.

జాతర రోజు పొద్దున్నే తాతయ్య బావ పక్కన దుకాణంలో కూర్చున్నాడు. మేము ముందు నిలబడి బొంగరాలు వేస్తుంటే చుట్టూ పిల్లలు మూగారు. చిన్న బొంగరాలు చేతులు మారుతూనే ఉన్నాయి. ఎంత లాగినా కొన్ని పెద్దవి మిగిలిపోయాయి. వాటిని ఓ పక్కగా పెట్టి, ఎవరు ముట్టుకున్నా తాతయ్య ముందే చెప్పేసేవాడు, అది తిరగదమ్మా, నేను దగ్గరుండి చేయించిన తప్పు అని. సిగ్గుపడకుండా, దాచకుండా, ఎంత మంది ముందైనా సరే అలాగే చెప్పేవాడు. మధ్యాహ్నం చీడికాడ వైపు నుంచి వచ్చిన ఒకామె చంకలో బిడ్డతో ఆగింది. తాతయ్య మాట విని కూడా పెద్ద బొంగరాన్ని కింద పెట్టి తోసి చూసింది.

"తిరక్కపోతే ఏటి, దొర్లుతుంది కదా. మా పిల్లడు ఇప్పుడిప్పుడే పాకుతన్నాడు. దీని ఎనకాల పాకుతాడు," అంది.

ఆమెను చూసి ఇంకొకామె కొంది. సాయంత్రానికి పెద్దవీ అయిపోయాయి. తాతయ్య ఆనందం పట్టలేక, వచ్చే ఏడు పాకే పిల్లల కోసం అన్నీ పెద్దవే అని మొదలుపెట్టి, చటుక్కున తన నోరు తనే మూసుకున్నాడు. అక్క చూసి నవ్వింది, బావ నవ్వాడు, చివరికి తాతయ్య కూడా కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. ఆ ఏడు వాళ్లకు మిగిలింది పెద్దగా ఏమీ లేదు, పోయిందీ లేదు. ఎండలు ముదిరాక అక్కకు ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్ల పాకడం మొదలుపెట్టేసరికి బావ తనే ఆలోచించి, చక్రాలున్న లక్క చిలక ఒకటి చేశాడు. ఎవరినీ అడగలేదు. ఆ చిలకలే తర్వాత వాళ్లకు పేరు తెచ్చాయి.

మా అరుగు మీదికి జనం రావడం మానలేదు. ఇంకా ఎక్కువే వచ్చారు. కానీ తాతయ్య తీరు మారింది. తెలియనిది తెలియదనేవాడు. తన వాళ్ల కొట్టుకు పంపాల్సి వస్తే, వాడు నాకు స్నేహితుడు, ఇంకో రెండు చోట్ల కూడా అడిగి చూసుకో అనేవాడు. ఎవరైనా తన మాట మీద పని మొదలుపెడితే, పిలవకపోయినా అప్పుడప్పుడూ వెళ్లి ఎలా ఉందో కనుక్కుని వచ్చేవాడు.

నేను పెరిగి, కుట్టు నేర్చుకుని, చాలామందికి నేర్పాను. కొట్టు పెట్టనా, మిషన్ కొననా అని అడిగేవాళ్లు నా చుట్టూ కూడా చేరారు. సలహా చెప్పడంలో ఎంత సుఖముందో అప్పుడు తెలిసింది. ఆ సుఖం మొదలవగానే తాతయ్య బొబ్బల చేతులు గుర్తొచ్చి, కాసేపు ఊరుకుని వింటాను.

పోయిన ఏడు మా వీధిలో ఒక అమ్మాయి నా మాట మీద జాకెట్లు కుట్టే కొట్టు తెరిచింది. మొదటిరోజు నేను కూడా వెళ్లి కూర్చున్నాను. సాయంత్రం దాకా ఒక్కరూ రాలేదు. ఆ పిల్ల తలుపు వేస్తూ నా ముఖం వంక చూసింది. మర్నాడు పొద్దున ఆమె తాళం చెవితో వచ్చేసరికి, నేను ఆ గుమ్మంలోనే ఉన్నాను.