పెద్ద ఫ్యాను డాక్టరు

ఫ్యాక్టరీలో అందరూ అతన్ని డాక్టరనే పిలిచేవారు. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను యంత్రానికి ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని వింటాడు మరి. ఇరవై రెండేళ్లుగా అదే పని. సరుకు ఎండబెట్టే గదికి వేడిగాలి పంపే పెద్ద ఫ్యాను అతని ముఖ్యమైన రోగి. దానికి మనిషెత్తు ఇనుప రెక్కలు. రేకు గోడకు ఆవల ఏడు ప్యాకింగ్ బల్లలు. గోడకు దగ్గరగా ఉన్న మొదటి బల్ల అతని కూతురిది.

కిందటేడు ఫ్యాక్టరీని ఒక పెట్టుబడుల సంస్థ కొంది. వాళ్లకు ఓడలున్నాయి, ఆసుపత్రులున్నాయి, పండ్ల తోటలున్నాయి. ఒకటి మునిగినా ఇంకోటి తేలుస్తుందని వాళ్ల ధీమా. కొన్న నెలకే డేటా కంపెనీవాళ్లు వచ్చి ఫ్యానుకు అగ్గిపెట్టెలంత సెన్సర్లు అంటించారు.

"నెల రోజులు ఇవి దీని చప్పుడు నేర్చుకుంటాయి. తర్వాత తేడా వస్తే అవే చెబుతాయి. ఇప్పుడైతే బాగానే ఉందిగా డాక్టరుగారూ?" అంటూ రోజువారీ పుస్తకం తిరగేశారు.

ప్రతి పేజీలోనూ 'బాగుంది' అనే ఉంది. యంత్రం ఆగిన రోజు తప్ప అలా రాసేయడం ఆ షెడ్డు అలవాటు. నిజానికి అప్పటికే ఫ్యాను ఇరుసు తిరిగే బేరింగు సన్నగా గొణుగుతోంది. తర్వాత చూద్దాంలే అనుకుని అతను తలూపాడు. సెన్సర్లు ఆ గొణుగుడునే ఆరోగ్యమని నేర్చుకున్నాయి.

ఏడాది తిరిగేసరికి గొణుగుడు మూలుగైంది. కొంచెం కొంచెంగా పెరిగిందేమో, సెన్సర్ల కబురు చూపించే తెర మీద దీపం ఆకుపచ్చగానే ఉంది.

"నీ చెవుల్లోనే గుయ్యిమంటోందేమోనయ్యా, చూపించుకో," అని మేనేజరు నవ్వాడు.

"చెవి కాదండీ, బేరింగు. సెన్సర్లు నేర్చుకున్న నెలలోనే దానికి జబ్బుంది. బాగుందని రాసింది నేనే."

"ఆ మాట ఇంకెక్కడా అనకు."

ఇంట్లో కూతుర్ని నాలుగు రోజులు సెలవు పెట్టమన్నాడు.

"సెలవు పెడితే ఆ బల్ల ఇంకొకరికిచ్చేస్తారు నాన్నా. నీకన్నా ఆ తెరే నయం, ఊరికే బెదరగొట్టదు."

మర్నాడు పొద్దున అతనికి మూలుగు వినబడలేదు. ఇనుము ఇనుమును కొరుకుతున్న చప్పుడు వినబడింది. ఎర్ర మీట నొక్కేశాడు. ఫ్యాను ఆగగానే తెర మొదటిసారి ఎర్రబడింది. మేనేజరు పరుగున వచ్చాడు.

"ఎవరాపమన్నారు?"

"బేరింగు మార్చాలండీ. రెక్క ఊడితే ఆ రేకు ఆపలేదు. అవతల ఏడుగురున్నారు."

మేనేజరు గోడ వైపు చూసి గొంతు తగ్గించాడు. "కొత్తది రావడానికి పది రోజులు. అన్నాళ్లు ఆగితే పైవాళ్లు షెడ్డు మూసేస్తారు, వాళ్లకిదొక్కటేనా? మీ అమ్మాయిని గేటు దగ్గర స్టోర్సులోకి మారుస్తా. ఇప్పుడే. సరేనా?"

డాక్టరు కాదనలేదు.

కూతురు సంచీ తీసుకుని గేటు వైపు వెళ్లింది. రెండో బల్ల దగ్గరి ఆవిడ, వెలుతురు బాగుంటుందని, తన స్టూలును మొదటి బల్ల దగ్గరికి లాక్కుంది.

"ఎందుకాపారు డాక్టరుగారూ?" అని తలుపులోంచి అడిగింది.

"ఏం లేదమ్మా," అని అతను ఆకుపచ్చ మీట నొక్కాడు.