దక్షిణానికి పడిన నీడ

పిల్లల కోసం నేను రాసిన ఖగోళ పుస్తకాల చివరి పేజీలో నా ఫోన్ నంబరు ఉంటుంది. మొదటి పుస్తకం వేసినప్పుడు, ఏ ఊళ్ళోనో ఏ పిల్లకో సందేహం వస్తే నన్నే అడుగుతుందని ఆశపడి, పట్టుబట్టి వేయించాను. పన్నెండేళ్ళలో అలా అడిగిన పిల్లలు నలుగురో ఐదుగురో. పెద్దవాళ్ళు మాత్రం ఫోన్లు చేస్తూనే ఉంటారు. గ్రహాల గురించి రాసినావిడ కాబట్టి జాతకం కూడా చూస్తుందనుకుంటారు. ఒకాయన ఒంగోలు నుంచి నెలకోసారి చేసి, తనను శని ఎప్పుడు వదులుతుందో చెప్పమనేవాడు. శని చుట్టూ వలయాలెందుకున్నాయో చెప్పగలను గానీ అది మాత్రం నాకు తెలియదని ఎన్నిసార్లు చెప్పినా, పోనీ తెలిసినవాళ్ళ నంబరివ్వండి అనేవాడు.

అందుకే ఆ జూలై మొదట్లో ఒక మధ్యాహ్నం, అన్నం తిని నడుం వాలుస్తుండగా ఫోన్ మోగితే తీయబుద్ధి కాలేదు. గుంటూరులో ఆడపిల్లల కాలేజీలో ముప్ఫై ఏళ్ళ పైన ఫిజిక్సు చెప్పి, అప్పటికి రిటైరై నాలుగేళ్ళయింది. సెలవుల్లో పుస్తకాలు రాయడం, వాటిని సంచిలో వేసుకుని బళ్ళకు తిరగడం, చప్పట్లు కొట్టించుకుని ఇంటికొచ్చి కాళ్ళకు తైలం రాసుకోవడం, ఇదే నా జీవితం. మోకాళ్ళ సంగతి అలా ఉంచితే, ఈ పుస్తకాల వల్ల ఏదో అవుతుందన్న నమ్మకం లోపల ఎక్కడో అరిగిపోయింది. నాలుగో ముద్రణకు ప్రూఫులు వచ్చి పది రోజులుగా బల్ల మీద పడి ఉన్నాయి. కట్ట దారం కూడా విప్పలేదు.

రెండోసారి మోగింది. తీశాను. ఆడమనిషి గొంతు. వెనక ఎవరెవరో దగ్గుతున్నారు. తాను చిలకలూరిపేట అవతల ఒక షెడ్డులో మిరపకాయలకు తొడిమలు తీసే పని చేస్తానని, ఏడో తరగతి దాకా చదువుకున్నానని, తన కూతురు తొమ్మిదిలో ఉందని చెప్పింది. బడి లైబ్రరీలోంచి ఆ పిల్ల నా పుస్తకం తెచ్చుకుందట. మధ్యాహ్నం కర్ర పాతితే నీడ ఉత్తరానికే పడుతుందని, ఏడాదిలో ఏ రోజైనా అంతేనని, దాన్నిబట్టి దిక్కు తెలుసుకోవచ్చని అందులో ఉంది. పిల్ల జూన్ నెలాఖరులో ఐదు రోజులు వరసగా కర్ర పాతి చూసింది. నీడ దక్షిణానికి పడింది. అదే ప్రాజెక్టు పుస్తకంలో రాసింది. సైన్సు మాస్టారు ఎర్రసిరాతో కొట్టేశారు.

“మా పిల్ల తప్పు చూసిందన్నారండి సారు. పక్కన నేనూ ఉన్నానండి. నీడ ఇటే పడింది. మీరు రాసిందాన్ని మేము ఇంకోలా అర్థం చేసుకోవాలేమో, కనుక్కుందామని చేశా.”

ఆమె గొంతులో కోపం లేదు. నాలో మాత్రం ఎన్నో ఏళ్ళుగా ఉన్న పంతులమ్మ లేచింది. దిక్కులు సరిగ్గా చూసుకున్నారా అని అడిగాను. 

“పొద్దు పొడిచేది తూరుపే కదండి” అంది.

రేపు చూసి చెబుతానని పెట్టేశాను. పడుకున్నాను గానీ కునుకు పట్టలేదు.

మరునాడు పన్నెండింటికి మా అపార్టుమెంటు డాబా ఎక్కాను. నాలుగంతస్తులు, లిఫ్టు పాడై వారమైంది. రెండుసార్లు మెట్ల మీద కూర్చుని ఆయాసం తీర్చుకున్నాను. డాబా మీద బట్టలారేసే తీగకు ఆ చివరా ఈ చివరా రెండు ఇనప గొట్టాలు పాతి ఉన్నాయి. ఒక్కోటి నా కంటే అరడుగు ఎత్తు. చెప్పులు వేసుకున్నా కాళ్ళు కాలుతున్నాయి. గొట్టం నీడ చిక్కబడి కురచగా అవుతూ వచ్చింది. గుంటూరులో సూర్యుడు నడిమికి రావడానికి గడియారంలో పన్నెండు దాటి పది నిమిషాలవుతుంది, ఆ సంగతి నా పుస్తకంలో సరిగ్గానే రాశాను. ఆ సమయానికి నీడ జానెడుంది. ఉత్తరాన రైలు కట్ట ఉన్న వైపు కాదు, దానికి ఎదురు వైపు. దక్షిణానికి.

 లెక్క నాకు తెలియనిది కాదు. సూర్యుడు మే మొదటి వారంలో మన నడినెత్తి దాటి ఉత్తరానికి జరిగి, మళ్ళీ ఆగస్టు మొదటి వారం దాకా అటే ఉంటాడు. ఆ మూడు నెలలూ మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడాల్సిందే. క్లాసులో బోర్డు మీద గోళం గీసి ఎన్నోసార్లు చెప్పినదాన్నే. కానీ పుస్తకం రాసేటప్పుడు నా ముందు నాలుగు ఇంగ్లీషు పుస్తకాలు ఉన్నాయి. అవన్నీ చలిదేశాల వాళ్ళు రాసినవి. వాళ్ళకు సూర్యుడు ఏనాడూ నడినెత్తికి రాడు. వాళ్ళ వాక్యాన్ని మంచి తెలుగులోకి మార్చి, “మన ఊళ్ళో” అన్న మాట నేనే చేర్చాను. సంక్రాంతి సెలవుల్లో, కిటికీ తెర వేసుకుని, ఫ్యాను కింద. ఒక్కసారి కూడా ఎండలోకి రాలేదు. మూడు ముద్రణలు, ఎన్ని బళ్ళకు వెళ్ళాయో.

ఆమెకు ఫోన్ చేసి, తప్పు నాదేనని, మీ అమ్మాయి చూసింది నిజమని చెప్పాను. సరేనండి అంది, అంతే. ఆ సరే నాకు చాలలేదు. మాస్టారుతో మాట్లాడటానికి నేనే వస్తానన్నాను. మీకెందుకండి శ్రమ అంది గానీ వద్దనలేదు.

రెండు రోజుల తర్వాత బస్సులో పేట దాకా, అక్కణ్ణుంచి షేర్ ఆటోలో వెళ్ళాను. షెడ్డు కోల్డ్ స్టోరేజీని ఆనుకుని ఉంది. ఆటో దిగేటప్పటికే ముక్కులు మండాయి, తుమ్ములు మొదలయ్యాయి. లోపల రేకుల వేడికి ఉండలేక, మధ్యాహ్నం అన్నాల వేళకు ఆడవాళ్ళు బయట గోడవార చేరారు. పదిమంది ఉంటారు. గోడకు దక్షిణం వైపు, మూరెడు కంటే తక్కువ వెడల్పున్న నీడలో వీపులు ఆనించి, కాళ్ళు ముడుచుకుని వరసగా కూర్చున్నారు. పాదాలు ఎండలోనే ఉన్నాయి. వాళ్ళను అలా చూశాక నేను అడగాల్సిందేమీ మిగల్లేదు. అయినా అడిగాను, ఎప్పుడూ ఇటే కూర్చుంటారా అని.

ఒక పెద్దావిడ నవ్వింది. “ఎప్పుడూ ఎందుకు కూర్చుంటామమ్మా? చలికాలం అటు పక్క ఉంటది నీడ. రోహిణి కార్తెకి ముందే ఇటు మారతాం. దీనికి పుస్తకాలెందుకు?”

చివర కూర్చున్న సన్నపాటి మనిషి, నాకు ఫోన్ చేసినావిడే, లేచి నిలబడింది. ముప్ఫై అయిదేళ్ళుంటాయేమో. వేళ్ళ చివర్లు ఎర్రగా కందిపోయి ఉన్నాయి, నాకు దండం పెట్టబోయి మానేసి చేతులు చీర కొంగులో చుట్టుకుంది. కారం చేతులండి అంది. మేస్త్రీని అడిగి ఒక గంట సెలవు తీసుకుంది. ఇద్దరం బడికి నడిచాం. దారిలో ఆమె, నా పుస్తకం రాత్రిళ్ళు పిల్ల చదువుతుంటే తానూ వినేదాన్నని, చుక్కల పేర్లూ కార్తెల పేర్లూ ఒకటేనని అందులోనే తెలిసిందని చెప్పింది. ఆ మాటకు మరో రోజైతే నేను పొంగిపోయేదాన్ని.

మాస్టారు వరండాలో నిలబడి, మధ్యాహ్న భోజనం ఫొటోలు ఫోన్లోకి ఎక్కిస్తున్నారు. నలభై దాటిన మనిషి, కళ్ళ కింద నల్లటి చారలు. నేనెవరో చెప్పగానే కుర్చీ తెప్పించారు. తప్పు పుస్తకంలో ఉందని, అది నాదని చెప్పాను. ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నారు.

“పుస్తకంలో ఒకటుంటే పిల్ల ఇంకోటి రాసింది మేడం. నేను పుస్తకాన్ని నమ్మాను. మీ పుస్తకాన్నే” అన్నారు.

నిష్ఠూరంగా అనలేదు. జరిగింది చెప్పారు. 

అమ్మాయిని పిలిపించారు. రెండు జడలు, చేతిలో ప్రాజెక్టు పుస్తకం. తల్లిని చూసి ఏదో జరిగిందని బెదిరింది. పుస్తకం తీసుకుని తిరగేశాను. ఒక పేజీలో మీటరు కర్ర బొమ్మ, ఐదు రోజుల కొలతలు, అన్నీ పన్నెండు సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ, దిక్కు దక్షిణం. పేజీ అడ్డంగా ఎర్రగీత. తర్వాతి పేజీలో అదే బొమ్మ, ఈసారి రంగు పెన్సిళ్ళతో, ఇంకా అందంగా. అవే కొలతలు. దిక్కు ఉత్తరం. కింద టిక్కు, గుడ్ అన్న మాట.

రెండోసారి ఎప్పుడు కొలిచావని అడిగాను.

“కొలవలేదండి. అంకెలు అవే ఉంచి, దిక్కు మార్చానండి.”

తల్లికి ఆ సంగతి తెలియదు. “నాకు చెప్పలేదేంటే?” అంది నెమ్మదిగా. పిల్ల నేల చూపులు చూసింది. “మార్కులు పోతాయని” అంది. అందులో సిగ్గూ లేదు, బాధా లేదు. అందరూ చేసేదే తానూ చేసినట్టు చెప్పింది. ఆ పిల్ల ఏడ్చినా నాకు అంత కష్టంగా ఉండేది కాదు. నిటారుగా కర్ర పాతి, ఎండలో నిలబడి, సెంటీమీటరు తేడా లేకుండా కొలిచిన పిల్ల. కళ్ళతో చూసినదాన్ని కొట్టేసి అచ్చులో ఉన్నది రాయడం నా పుస్తకం దగ్గర నేర్చుకుంది.

క్లాసులో నేనే చెప్పాను, మాస్టారు పక్కన ఉండగా. పుస్తకంలోది తప్పని, ఈ అమ్మాయి మొదట రాసిందే ఒప్పని. పిల్లలంతా తల తిప్పి ఆ అమ్మాయి వైపు చూశారు. ఆమె బల్ల కిందికి దూరిపోయేలా ఒదిగింది. వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి లేచి, మరి మిగతా పుస్తకం కరెక్టేనా మేడం అని అడిగింది. తెలియదు, మళ్ళీ మొత్తం చూడాలి అన్నాను. అంతకంటే నిజమైన మాట ఏ బడిలోనూ చెప్పి ఉండను.

ఇంటికొచ్చి ప్రూఫుల కట్ట విప్పాను. బ్రాడీపేటలో పుస్తకాల కొట్టున్న మా ప్రచురణకర్తకు నా కంటే పదేళ్ళు ఎక్కువ. విషయం చెబితే ముందు నవ్వేశారు, పన్నెండేళ్ళుగా ఎవరూ అడగనిదానికి ఇంత హైరానా ఎందుకన్నారు. నేను నవ్వకపోవడం చూసి, సరే, కొత్త ముద్రణలో మార్చేద్దాం, కొట్లో మిగిలిన పాత కాపీల్లో సవరణ చీటీ అంటిద్దామన్నారు. అంటించడానికి మనుషుల్లేరు కాబట్టి ఆ పనీ నాదే అయింది. వానాకాలమంతా ఆ పుస్తకాన్ని పరాయివాళ్ళు రాసినట్టు చదివాను. మరో తప్పు దొరికింది. నెలవంక బొమ్మ. దాన్ని నిటారుగా, కొడవలిని నిలబెట్టినట్టు వేయించాను. మన సాయంత్రాల్లో, శివరాత్రి దాటాక, అది దోనెలా వెల్లకిలా ఉంటుంది. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. అదీ ఆ దేశాల బొమ్మే. పుస్తకం చేరిందని నాకు తెలిసిన బళ్ళన్నిటికీ ఉత్తరాలు రాశాను. రెండు బళ్ళ నుంచి జవాబొచ్చింది. మిగతా బీరువాల్లో ఆ వాక్యం అలాగే ఉండి ఉంటుంది.

ఆగస్టు మొదటి వారంలో మాస్టారు ఫోన్ చేశారు. నీడ పూర్తిగా మాయమయ్యే రోజట కదా, పిల్లలకు చూపిద్దాం, మీరూ రండి అన్నారు. వెళ్ళాను. బడి ఆవరణలో గాజు సీసాలూ, కర్రలూ, ఒక నీళ్ళ డ్రమ్మూ నిలబెట్టి తయారుగా ఉన్నారు. పదకొండింటి నుంచే మబ్బు. పన్నెండున్నర దాకా అందరం తలలెత్తుకుని నిలబడ్డాం. మబ్బు కదల్లేదు. అన్నాల గంట కొట్టగానే పిల్లలు కంచాలు పట్టుకుని పరిగెత్తారు. మాస్టారు డ్రమ్మును తానే దొర్లించుకుంటూ వెళ్ళి మూల పెట్టారు.

“మేలో అయితే ఆకాశం బాగుంటుంది మేడం. బడి ఉండదు” అన్నారు.

ఆయనతో పాటు నేనూ కోడిగుడ్డూ పప్పూ తిని, మూడింటి బస్సుకు తిరిగొచ్చాను.

కొత్త ముద్రణ చలికాలంలో వచ్చింది. ముందుమాటలో ఆ పిల్లకు కృతజ్ఞతలు చెప్పుకుంటానని తల్లిని అడిగితే, పేరు వద్దండి, సారు నొచ్చుకుంటారేమో అంది. ఒక ఊరి విద్యార్థిని అని మాత్రం రాశాను. రెండు కాపీలు పంపాను. చేరాయని ఫోన్ వచ్చింది.

తర్వాతి మే నెల మొదట్లో నాకు జ్వరం వచ్చి వారం రోజులు మంచం దిగలేదు. కాస్త తెరిపిన పడ్డాక ఫోన్ చూసుకుంటే, తల్లి నంబరు నుంచి రెండు రోజుల కిందట వచ్చిన ఫొటో ఉంది. ఇంటి ముందు గచ్చు మీద మీటరు కర్ర, చుట్టూ చాక్‌పీసు గీతలు. కర్రకు ఏ వైపునా నీడ లేదు. మూలగా ఒక పాదం, పట్టీ. మాట ఒక్కటీ రాయలేదు. బాగుందమ్మా అని రాశాను. ఇంకా ఏదో రాయాలనిపించింది గానీ ఓపిక చాల్లేదు. మాత్ర వేసుకుని, గోడ వైపు తిరిగి పడుకున్నాను.