పేరు గీకే పెదనాన్న

ముందు చప్పుడు వినబడుతుంది. చర్... చర్... చర్ర్. ఎండుటాకుల మీద ఎవరో తొందరలేకుండా నడిచి వస్తున్నట్టుంటుంది. తర్వాత కాసేపు ఏమీ వినబడదు. ఆ తర్వాత కడుపునిండిన మనిషి విడిచినట్టు ఒక నిట్టూర్పు. అప్పుడుగానీ పెదనాన్న గుమ్మంలో కనబడడు. చేతిలో ఏదో సీసా ఉంటుంది. దాని పేరు అప్పటికే పోయి ఉంటుంది.

పెదనాన్నకి ఉన్నది ఒక్కటే పిచ్చి. పేరున్న వస్తువు కంటబడితే ఆ పేరు ఊడబెరికేదాకా నిద్రపట్టదు. షాంపూ సీసా, దగ్గు మందు, చీపురుకట్ట, గోడగడియారం, ఏదైనా సరే, ఆ ఇంట్లో అడుగుపెట్టిన సాయంత్రానికల్లా బోసిమొహంతో మిగలాల్సిందే. వస్తువుల పేర్లు తీసేసే ఈ మనిషి మనుషులకి మాత్రం ధారాళంగా పేర్లు పెడతాడు. తమ్ముడి కూతురు ఉద్యోగం మానేసి ఇంట్లో సబ్బులు చేయడం మొదలుపెట్టగానే "ఏమే నురగా" అన్నాడు. అంతే, ఆ పిల్ల అసలు పేరు కాగితాల్లోకి వెళ్ళి దాక్కుంది.

పెదనాన్న ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసి తీసి రిటైరయ్యాడు. జనం లోపలెలా ఉంటారో చూడటం అయిపోయింది, ఇక బయటెలా ఉంటారో చూద్దామనుకున్నాడు కాబోలు, కెమెరా కొన్నాడు. తీసిన ఫోటోలు ఇంటర్నెట్‌లో ఏజెన్సీలకి పంపుతాడు. అవి ఫోటోల అంగళ్ళు. పాంప్లెట్లు వేసేవాళ్ళూ, ప్రకటనలు చేసేవాళ్ళూ వచ్చి కావలసిన బొమ్మ ఏరుకుని పోతారు. ఒకే బొమ్మని ఎంతమందైనా కొనుక్కోవచ్చు. ఎవరు కొన్నారో, దేనికి వాడారో తీసినవాడికి తెలియదు. ముట్టేది చిల్లరే. ఒక షరతు మాత్రం గట్టిది: ఫోటోలో ఏ కంపెనీ పేరూ కనబడకూడదు. పెదనాన్న మొట్టమొదట పంపిన చెంచా ఫోటోని తిప్పిపంపారు. చెంచా కాడ మీద చీమ కన్నా చిన్న అక్షరాలు ఉన్నాయట. ఆ అవమానం ఆయన మనసులో ఎక్కడో ముల్లై దిగింది. అప్పటినుంచీ గోళ్ళు పెంచాడు.

ఇంట్లో పొద్దు ఇలా మొదలయ్యేది.

"అన్నయ్యా, ఇది పేస్టా, నొప్పుల మందా?" బాత్రూంలోంచి నురగ వాళ్ళ నాన్న.

"రుచి చూస్తే తెలుస్తుంది."

"చూశాకే అడుగుతున్నాను. నాలిక మండిపోతోంది."

"అయితే నొప్పుల మందేలే. నాలికకి మంచిదే."

నురగ వాళ్ళమ్మ ఒక ఉపాయం చేసింది. షాంపూకి ఎర్రదారం, ఫినాయిలుకి నల్లదారం కట్టింది. మర్నాటికి దారాలు లేవు.

"ఏం బావగారూ, దారాలేం చేశాయి మిమ్మల్ని?"

"దారం కూడా గుర్తే కదమ్మా. ఏజెన్సీవాళ్ళు ఎర్రదారం కంపెనీ అనుకుంటే?"

"ఫినాయిలుతో తలంటుకుంటే నన్ను మా ఆయన ఏమనుకుంటాడు?"

"శుభ్రమైన మనిషివనుకుంటాడు" అని పెదనాన్న వంటింట్లోకి జారుకున్నాడు. అక్కడ మిక్సీ కొత్తది.

మనుషుల్నీ వదిలేవాడు కాదు. ఒకసారి ఇన్సూరెన్సు ఏజెంటు వచ్చాడు. పాపం, చొక్కా జేబు మీద కంపెనీ గుర్తు కుట్టుకుని మరీ వచ్చాడు. పెదనాన్న అతని మాటలకి తలాడిస్తూనే తెల్ల టేపు ముక్క కత్తిరించి జేబు మీద అంటించేశాడు.

"ఏంటండీ ఇది?"

"ఏం లేదు నాయనా. కాసేపు మీరెవరూ కాకుండా ఉండాలి."

ఏజెంటుకి అర్థమయ్యేలోపే తెల్లదుప్పటి ముందు నిలబడి ఉన్నాడు. పాత అలవాటు ఎక్కడికి పోతుంది, పెదనాన్న కెమెరా ఎత్తి, "ఊపిరి పీల్చండి. బిగబట్టండి. కదలొద్దు" అన్నాడు. తీరా వెలుతురు సర్దుకోవడంలో పడి వదలమనడం మరిచాడు. 'పాలసీ అమ్మిన ఆనందం' అని తీయబోయిన ఫోటో 'గుండెపోటు లక్షణాలు' కింద బాగా పోయింది.

ఇంటి మోడలు మాత్రం తమ్ముడే. ఖర్చు లేదు, పారిపోడు, మొహంలో దిగులు సహజంగానే ఉంటుంది. ఒకరోజు తల పట్టుకుని కూర్చోబెట్టి 'తలనొప్పి' తీశాడు. కొన్నాళ్ళకి ఆ మొహం ఊళ్ళో తిరిగే బస్సు వెనకాల ప్రత్యక్షమైంది. కింద పెద్ద అక్షరాలతో, 'మలబద్ధకం మిమ్మల్ని వేధిస్తోందా?'

"నేను నటించింది తలనొప్పి అన్నయ్యా." తమ్ముడు మొత్తుకున్నాడు.

"నీ నటనలో లోతుంది తమ్ముడూ. ఎవరికి కావలసింది వాళ్ళు తోడుకున్నారు."

"ఆఫీసులో రోజుకొకరు బొప్పాయి పండు తెచ్చి బల్లమీద పెట్టి, భుజం తట్టి వెళ్తున్నారు."

"చూశావా మరి, నీకెంతమంది ఆప్తులున్నారో. ఆ పండ్లు కొయ్యకు. తెల్లదుప్పటి తెస్తాను."

ఇన్నిటినీ ఫోటో తీసిన పెదనాన్న నురగ సబ్బుల్ని మాత్రం ఒక్కసారీ తీయలేదు.

నురగ సబ్బులు వెనక వంటగదిలో పుట్టేవి. నిమ్మగడ్డి వాసనవి కొన్ని, బొగ్గుపొడివి కొన్ని. అచ్చుల్లోంచి తీసి అరల మీద ఆరబెడితే గది అంతా, వాన ఇప్పుడే వెలిసిన తోటలా ఉండేది. ఒక్కో సబ్బుకీ నడుముపట్టీలా కాగితం చుట్టి, దానిమీద తన చేత్తో 'నురగ' అని రాసేది. చుట్టుపక్కలవాళ్ళు మెచ్చుకునేవాళ్ళు, కొనేవాళ్ళు మాత్రం తక్కువ. వాళ్ళమ్మ తేల్చి చెప్పేసింది, "ఈ హోటలు ఆర్డరు వస్తే సరే. రాకపోతే మళ్ళీ ఆ ఆఫీసుకే పో. నీ కుర్చీ ఇంకా ఖాళీగానే ఉందట." ఊళ్ళో పెద్ద హోటలు తన గదులన్నిటికీ సబ్బులు వెతుకుతోంది. సబ్బుతోపాటు మంచి ఫోటోలున్న కాగితం ఒకటి తెమ్మన్నారు.

ఇంట్లో ఫోటోగ్రాఫరుండగా ఇంకేం కావాలి?

"పెదనాన్నా, నా సబ్బులకి నాలుగు ఫోటోలు తీసిపెట్టు."

"వెలుతురు బాలేదే."

కిటికీలోంచి ఎండ వచ్చి ఎదురు కుర్చీలో తీరిగ్గా కూర్చుని ఉంది. నురగ దానివైపూ, పెదనాన్నవైపూ చూసింది.

"మబ్బు పడుతుందిలే" అన్నాడు పెదనాన్న.

"పడేలోపు తియ్యి."

"నీ సబ్బుకి కెమెరా అంటే భయమే. చూడు, ఎలా చెమట పట్టిందో."

"ఊపిరి బిగబట్టమను."

పెదనాన్న నవ్వలేదు. బూట్లు వెతుక్కుంటున్నట్టు వంగి, అలాగే వంగినవాడు వంగినట్టే గదిలోంచి వెళ్ళిపోయాడు. ఆ మధ్యాహ్నమే తూము బాగుచేయడానికి వచ్చిన ప్లంబరు దగ్గర తూములు పొడిచే రబ్బరు పంపు అడిగి తీసుకుని, దాన్ని తెల్లదుప్పటి మీద పడుకోబెట్టి, అటు తిప్పీ ఇటు తిప్పీ, పెళ్ళికూతురికి తీసినట్టు తీశాడు. నురగ గుమ్మంలో నిలబడి చూసింది. కాలవ కంపు కొట్టే పంపుకున్న మొహం తన సబ్బుకి లేకపోయింది. చివరికి తన ఫోనుతోనే తీసుకుంది. ఫోటో కాస్త వంకరగా వచ్చింది. మూలన వాళ్ళమ్మ మోచెయ్యి పడింది.

హోటల్లో కొనుగోళ్ళు చూసే మేడం కళ్ళద్దాల మీదుగా చూసే మనిషి. నురగ వెళ్ళేసరికి ఆమె బల్ల ముందు ఇంకా కొందరు సబ్బులవాళ్ళు కూర్చుని ఉన్నారు. అందరి చేతుల్లోనూ తళతళలాడే రంగు కాగితాలు. నురగ తన కాగితాన్ని సంచిలోనే మడిచి పట్టుకుంది.

మేడం ఒకరి కాగితం విప్పింది. పాలరాతి ముక్కలాంటి తెల్లసబ్బు, మీద ఒక్క నీటిచుక్క, దాన్ని అందిస్తున్నట్టుగా ఒక చెయ్యి. అందంగా ఉంది. పక్కాయనది విప్పింది. తెల్లసబ్బు, నీటిచుక్క, చెయ్యి. ఆ పక్కావిడది విప్పింది. మేడం కళ్ళద్దాలు సర్దుకుని మూడింటినీ వరసగా పరిచింది. ఒకటే సబ్బు. ఒకటే చుక్క. మూల మీద ఒకటే చిన్న గాటు.

"ఇది మీలో ఎవరి సబ్బు?"

"మాదేనండి" అన్నారు ముగ్గురూ, ఒకరి తర్వాత ఒకరు, గొంతు తగ్గించుకుంటూ.

నురగ మెడ చాచి చూసింది. ఆ చేతికి బొటనవేలి గోరు అడ్డంగా విరిగి వంకరగా పెరిగింది. నాన్న చిన్నప్పుడు తలుపు సందులో పెట్టుకున్న వేలు. తనని నడిపించి బడికి తీసుకెళ్ళిన వేలు. ఆ మూల మీది గాటు పెదనాన్న కత్తితో సబ్బు మీది పేరు చెక్కుతుండగా పడింది. నురగ ఎంత బిగబట్టినా నవ్వు ఆగలేదు.

"ఏంటమ్మా?" అంది మేడం.

"ఆ సబ్బు మా నాన్నదండీ. మా బాత్రూంలోది. ఎప్పుడో అరిగిపోయింది కూడా."

"మా డిజైనరు ఎక్కడో కొని పెట్టాడండి" అని ఒకాయన గొణిగాడు. మేడం వాళ్ళ అసలు సబ్బులు చూపించమంది. సంచుల్లోంచి బయటికొచ్చినవి ఒకటి ఆకుపచ్చగా గుండ్రంగా, ఒకటి గులాబీరంగులో గవ్వలా. ఒక్కటీ తన బొమ్మని పోలి లేదు. ఆమె నురగవైపు చెయ్యి చాచింది. నురగ వంకర ఫోటో, దాని మీద సబ్బు పెట్టింది.

మేడం సబ్బు చూసింది, ఫోటో చూసింది. లేచి వెళ్ళి చేతులు కడుక్కుంది. వచ్చేటప్పుడు చేతులు మొహం దగ్గర పెట్టుకుని నడిచి వచ్చింది.

"ఫోటోలో ఈ మోచెయ్యి ఎవరిది?"

"మా అమ్మదండీ."

"సరే. ఫోటోలో ఉన్నదే చేతిలో ఉంది, అది చాలు. అన్ని గదులకీ మీ సబ్బే. ఫోటో ఒక్కటి మంచిది తీయించండి, గదుల్లో పెట్టే కార్డు మీద వేస్తాం."

నురగ ఇంటికి నడిచిందో, తేలిందో ఆమెకే తెలియదు. వాళ్ళమ్మ కబురు విని గుమ్మంలోనే కూలబడి, "అయితే ఆ కుర్చీ ఇంకెవరికైనా ఇచ్చుకోమని చెప్పు" అంది. ఆ మోచేతి సంగతి విని, చీర చెంగుతో మోచెయ్యి తుడుచుకుంది. నాన్న మాత్రం, "మలబద్ధకం కన్నా నయమే" అని తన బొటనవేలిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

నురగ దడదడా మేడమెట్లెక్కి పెదనాన్న గదిలోకి వెళ్ళింది, గట్టిగా నాలుగు మాటలు అడిగేద్దామని. ఆయన లేడు. అలమరా నిండా పేర్లు మరిచిపోయిన చుట్టాల్లా బోసి సీసాలు నిలబడి ఉన్నాయి. వాష్‌బేసిన్ మీద ఆమె చేసిన నిమ్మగడ్డి సబ్బు, అరిగి అరిగి నెలవంకై ఉంది. దాని పైన గోడకి, అద్దం చుట్టూ, కాగితపు పట్టీలు వరసగా అంటించి ఉన్నాయి. అన్నిటి మీదా 'నురగ'. మొదట్లోవి సిరా కారినవి, తర్వాత్తర్వాత చెయ్యి కుదిరినవి. ఆమె ఇచ్చిన ప్రతి సబ్బుదీ ఉంది. ఒక్కదాని మీద కూడా గోటి గీత లేదు. ఆ ఇంటి మొత్తంలో పేరు మిగిలిన వస్తువు అదొక్కటే.

వెనకాల పెదనాన్న వచ్చి నిలబడ్డాడు, డాబా మీద ఫోటో తీసిన టమాటాతో.

"ఆర్డరు వచ్చిందట కదే."

"వచ్చింది. నీ ఫోటో చూసే ఇచ్చారు. ముగ్గురు కొన్నారు పెదనాన్నా, నాన్న సబ్బుని."

"ముగ్గురే కనబడ్డారా? అది బాగా పోయే ఫోటోనే" అన్నాడు గర్వం ఆపుకోలేక. తర్వాత టమాటాని అటూ ఇటూ తిప్పాడు. "అదేనే మరి. నేను బొమ్మ పంపితే అది ఎవడు కొంటే వాడి సరుకుకి మొహమైపోతుంది. నీ సబ్బు పంపితే నీకన్నా ముందు ఇంకెవడో ఆ మొహం పెట్టుకుని అమ్ముకుంటాడు. అందుకే ముట్టలేదు."

"పంపకుండా నాకొక్కదానికే తీసివ్వచ్చుగా?"

"నా సంగతి నాకు తెలీదూ? మీ నాన్న నిద్రపోతుంటే తీసి, పంపనని ఒట్టేశాను. ఇప్పుడది పరుపుల కంపెనీలన్నిటి దగ్గరా ఉంది. ఫోటో బాగా కుదిరితే నా చెయ్యి నా మాట వినదు. ఆ ప్లంబరు రబ్బరు పంపు ఫోటో అయితే ఎవడు కొన్నా ప్రమాదం లేదు."

"ఆ ముక్క చెప్పి ఉంటే నేను అలిగేదాన్ని కాదుగా."

"ఒట్టు నిలబెట్టుకోలేనని చిన్నపిల్లకి ఎలా చెప్పనే?"

నురగకి అడగాలనుకున్న నాలుగు మాటల్లో ఒక్కటీ గుర్తురాలేదు.

"హోటలువాళ్ళు మంచి ఫోటో కావాలన్నారు. ఇప్పుడేం చేద్దాం?"

పెదనాన్న ఇన్నాళ్ళలో ఎవరినీ ముట్టుకోనివ్వని కెమెరాని తన మెడలోంచి తీసి, ఆమె మెడలో వేశాడు. నురగ సంచిలోంచి కొత్త సబ్బు తీసుకుని, కాగితప్పట్టీ నలగకుండా రెండు వేళ్ళతో పట్టుకుని, తెల్లదుప్పటి ముందుకి తనే వెళ్ళి నిలబడ్డాడు. పొడుగు గోళ్ళు కనబడకుండా వేళ్ళు లోపలికి మడుచుకున్నాడు.

"నువ్వే తియ్యి తల్లీ" అన్నాడు. "పేరు బాగా కనబడాలి."